ఆదివారం రాత్రి ఎత్తని ఫోను: ఒంగోలులో నా రెటీనా ఆపరేషన్

మా చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికి కన్ను మసకబారినా ఈమధ్య ముందు నా దగ్గరికే వస్తున్నారు. "ఆ ఆస్పత్రి ఎలా ఉంటుంది? వెళ్లొచ్చా?" అని అడుగుతారు. వెళ్లొచ్చు అంటే ఒక అబద్ధం, వద్దు అంటే ఇంకో అబద్ధం. ప్రతి ఒక్కరికీ గంటసేపు చెప్పే ఓపిక లేక ఒకసారి రాసి పెడుతున్నాను. ఆస్పత్రి పేరు రాయను. ఒంగోలులో ఉంది, అంతవరకే. నా కన్ను ఇప్పటికీ అక్కడి డాక్టరు చేతిలోనే ఉంది, మూడు నెలలకోసారి వెళ్లి ఆయన మిషను ముందు గడ్డం ఆనించి కూర్చోవాలి. అందుకని మర్యాద అనుకోండి, భయం అనుకోండి. ఏది అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

నేను కొండపి వైపు పల్లెలో పొగాకు రైతును. వయసు 58. రెండు బ్యారన్లు, అంటే పొగాకును వేడితో ఆరబెట్టే కొట్లు, ఉన్నాయి. బడికి వెళ్లే రోజుల నుంచే దూరపు చూపు తక్కువ, మైనస్ ఎనిమిది అద్దాలు. అంత పవరున్న కన్ను మామూలు కంటికంటే పొడుగ్గా ఉంటుందట. లోపలి రెటీనా పొర సాగి పలచబడి, చిరిగే అవకాశం ఎక్కువట. ఇన్నేళ్లూ నాకు అద్దాలు అమ్మినవాళ్లలో ఒక్కరూ ఈ మాట చెప్పలేదు. కన్ను చిరిగాకే తెలిసింది.

2024 జనవరి. మాకు అది ఆకు కాల్చే కాలం. బ్యారన్ ఎక్కించామంటే ఐదారు రోజులు పొయ్యి ఆరకూడదు, వేడి ఎక్కువ కాకూడదు, తక్కువ కాకూడదు. రాత్రి రెండింటికి థర్మామీటరు చూసి కట్టెలు సర్దుతుంటే కుడికంటి మూలలో మెరుపు మెరిసినట్టయింది. పొయ్యిలో నిప్పురవ్వ అనుకున్నాను. మర్నాడు చీకటి గదిలో కూర్చున్నా మెరిసింది. తర్వాత నల్ల ఈగలు, వాటి వెనక సాలెగూటి పోగులు. ఎటు చూస్తే అటు వస్తున్నాయి. పొగ, దుమ్ము, నిద్రలేమి అని పేర్లు పెట్టుకుంటూ పన్నెండు రోజులు గడిపాను. పన్నెండో రోజు పైనుంచి గోనెపట్టా దించినట్టు చూపు మూసుకుపోవడం మొదలైంది. బ్యారన్ తలుపు చట్రం మధ్యలో వంగి కనిపించింది. అప్పుడు మా ఆవిడ, "ఆకు మాడితే వచ్చే ఏడాది మళ్లీ వేసుకోవచ్చు, లేవండి" అని బలవంతంగా కారెక్కించింది. మెరుపులు కనిపించిన మర్నాడే వెళ్లి ఉంటే లేజరుతో చిరుగు చుట్టూ అతుకు వేసి పంపేవాళ్లేమో. ఆ పన్నెండు రోజుల తప్పు నాది. ఇక ముందు రాసేదంతా చదివేటప్పుడు దాన్ని గుర్తుపెట్టుకోండి.

ఆస్పత్రిలో మంచి ముందు చెప్పాలి. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి వెళితే పదిన్నరకల్లా నా కంట్లో ఏం జరిగిందో తేల్చేశారు. చుక్కలు వేసి కంటిపాప విచ్చుకున్నాక, తలకు దీపం కట్టుకున్న రెటీనా డాక్టరు చేత్తో ఒక భూతద్దం పట్టుకుని "కిందికి చూడండి, ఇంకా కిందికి" అంటూ పది నిమిషాలు వెతికారు. తర్వాత కాగితం మీద గుండ్రటి బొమ్మ గీసి, ఎర్ర పెన్సిలుతో ఒక భాగం, నీలం పెన్సిలుతో ఒక భాగం రంగు వేశారు. ఎరుపు అతుక్కుని ఉన్న పొర, నీలం లేచిపోయిన పొర. కింది సగమంతా నీలమే, సూటిగా చూసే చూపుకు ఆధారమైన నడిమి చుక్క అంచుదాకా. చెరువు నీళ్లు ఎంతవరకు వచ్చాయో గీసి చూపించినట్టుంది. "మీకు పైనుంచి కదా చీకటి దిగింది? కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది. కింద చిరిగితే పైన మూసుకుపోతుంది" అన్నారు. నాకు అన్నీ అర్థమయ్యేలా చెప్పిన డాక్టరు ఆయనే మొదటివారు. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు.

కంటి పక్కన మత్తు సూది ఇచ్చారు. నొప్పి లేదు గాని మెలకువగానే ఉన్నాను. తెల్లగుడ్డులో మూడు సన్నని రంధ్రాలు చేస్తారు. ఒకదాంట్లోంచి నీళ్లు, ఒకదాంట్లోంచి దీపం, ఇంకోదాంట్లోంచి లోపలి జెల్లీని కత్తిరించి పీల్చే పరికరం. నీడల్లా ఆ పరికరాలు కదలడం కనిపించింది. పొరను పరిచి, చిరుగుల చుట్టూ లేజరు వేసి, అది మళ్లీ లేవకుండా కంటినిండా సిలికాన్ నూనె పోశారు. చిరుగులు కింద ఉండటం, నేను ఆలస్యం చేయడం వల్ల గ్యాసు కాకుండా నూనె వాడారట. గంటన్నర పట్టింది. ఆ చేతి పనికి ఐదుకు ఐదు నక్షత్రాలు. ఇందులో నాకు రెండో మాట లేదు.

నా పక్క మంచం మీద కావలి నుంచి వచ్చిన కుర్రవాడికి గ్యాసు నింపారు. కన్ను బాగైతే తిరుమలలో తలనీలాలు ఇస్తానని వాళ్లమ్మ మొక్కుకుని, ఆ వారమే వెళ్దామని కూర్చుంది. గ్యాసు బుడగ కంట్లో ఉన్నన్నాళ్లు విమానం ఎక్కకూడదు, కొండ ఎక్కకూడదు. ఎత్తుకు వెళితే బుడగ ఉబ్బి కంటిలో ఒత్తిడి పెరుగుతుందని సిస్టర్ చెప్పింది. "స్వామి ఎక్కడికీ పోడమ్మా, బుడగ కరిగాక వెళ్లండి" అంది. ఆ ఆస్పత్రిలో నేను విన్న సలహాలన్నిటిలోకీ సూటైనది అదే. డబ్బు లెక్కలు చెప్పే బల్ల దగ్గర అలాంటి నోరు లేకపోయింది.

ఆ బల్ల గురించి చెబుతాను. ఆపరేషన్‌కు ముందు అక్కడ ఒక అమ్మాయి ప్యాకేజీ 62,000 అని చెప్పి సంతకాలు తీసుకుంది. ఆరేడు కాగితాలు, అన్నీ ఇంగ్లీషులో. నూనె కంట్లో శాశ్వతంగా ఉంచరనీ, కొన్ని నెలలకు దాన్ని తీయడానికి మళ్లీ ఆపరేషన్ చేయాలనీ, దాని ఖర్చు వేరనీ ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. నూనె పోస్తే దాన్ని తీయాల్సి ఉంటుందని పొగాకు రైతుకు ఎందుకు తడుతుంది? ఈ జెల్లీ తీసిన కంటికి, అందులోనూ నూనె పోసిన కంటికి, నా వయసువాళ్లలో శుక్లం త్వరగా వస్తుందని కూడా చెప్పలేదు. ఆ కాగితాల్లో రాసే ఉందట. తర్వాత మా అమ్మాయి చదివి చెప్పింది.

బోర్లా పడుకోవడం దగ్గరికి వద్దాం, దీని మీద అడిగేవాళ్లు ఎక్కువ. నూనె నీటికంటే తేలిక, పైకి తేలుతుంది. బోర్లా పడుకుంటే కంటి వెనకభాగం పైకి వస్తుంది కాబట్టి నూనె వెళ్లి పొరను నొక్కి పట్టుకుంటుంది. వారం రోజులు గంటకు యాభై నిమిషాలు ముఖం నేలకు పెట్టి ఉండాలన్నారు. తర్వాత కూడా వెల్లకిలా పడుకోకూడదు. దీనికోసం కింద మందుల షాపులో గుండ్రటి స్పాంజి దిండు 1,800కి అంటగట్టారు. కొనవద్దు. రెండు గంటలకల్లా నుదుటి మీద గాడి పడింది, మూతి దగ్గర గాలి ఆడక చెమట పట్టింది. మూడో రోజు దాన్ని మా కుక్కకు వేశాం, అది కూడా పడుకోలేదు.

మమ్మల్ని ఆదుకున్నది మా నాన్న కాలంనాటి నవారు మంచం. మా ఆవిడ తలవైపు నవారు కొంచెం వదులు చేసి, రెండు పట్టీలను పక్కకు లాగి, ముఖం పట్టేంత సందు చేసింది. అంచులకు పాత తువ్వాళ్లు చుట్టి కుట్టింది. ఆ సందులో ముఖం పెట్టుకుంటే నుదురు ఒక తువ్వాలు మీద, గడ్డం ఒక తువ్వాలు మీద ఆనేవి. కన్ను దేనికీ తగలదు, గాలి ఆడుతుంది. వారం రోజులు నా లోకమంతా మంచం కింది గచ్చు. చీమల బారు ఒకటి గోడవారగా వెళ్లేది. నాలుగో రోజుకల్లా అవి ఎన్ని గంటలకు బయల్దేరతాయో కూడా తెలిసిపోయింది. మా ఆరేళ్ల మనవడు మంచం కిందికి దూరి వెల్లకిలా పడుకుని, "తాతయ్యా, నీ ముఖం బూరెలా ఉబ్బింది" అంటూ కబుర్లు చెప్పేవాడు. అన్నం కూడా వాడే కింద నుంచి తినిపిస్తానని ఒకరోజు పేచీ పెట్టాడు. ఈ మొత్తం వ్యవహారంలో ఖర్చు లేకుండా సరిగ్గా పనిచేసినవి ఆ మంచం, ఆ పిల్లవాడు.

చుక్కల మందుల గురించి ఒక్క మాట. తెల్లగా పాలలా ఉండే చుక్కల సీసాను ప్రతిసారీ బాగా ఊపాలి, మందు అడుక్కి దిగిపోతుంది. ఒక చుక్కకూ ఇంకో చుక్కకూ మధ్య ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ఈ రెండూ చీటీలో లేవు. నేను ఐదు రోజులు ఊపకుండానే వేసుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి.

మర్నాడు కట్టు విప్పినప్పుడు కంటి ఒత్తిడి 16. మామూలు మనిషికి 10 నుంచి 21 లోపు ఉండాలి. వారానికి, అంటే రెండో శుక్రవారం, 23 ఉంది. డాక్టరు "కొంచెం ఎక్కువగా ఉంది, చూద్దాం" అని చీటీ మీద ఏదో రాశారు. బయట బల్ల దగ్గర అమ్మాయి కంప్యూటర్ చూసి, "వచ్చే శుక్రవారం ఖాళీ లేదండీ" అని మూడు వారాల తర్వాతి తేదీ ఇచ్చింది. ఇక్కడే గమనించాల్సింది ఉంది. ఆ రెటీనా డాక్టరు ఒంగోలులో ఉండరు. వేరే ఊరి నుంచి మంగళ, శుక్రవారాల్లో వస్తారు. మిగతా ఐదు రోజులు బోర్డు మీద ఆయన పేరు ఉంటుంది, కుర్చీ ఖాళీగా ఉంటుంది.

ఆపరేషన్ అయిన పదహారో రోజు, ఆదివారం. సాయంత్రం నుంచి కుడివైపు తల పగిలిపోతోంది. కనుబొమ మీద ఎవరో బొటనవేలితో లోపలికి నొక్కుతున్నట్టు నొప్పి. ఎనిమిదింటికి వాంతి అయింది. పైత్యం అనుకుని మా ఆవిడ జీలకర్ర నీళ్లు ఇచ్చింది. మళ్లీ వాంతి. దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపించాయి. డిశ్చార్జి చీటీ అడుగున "నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం ఉంటే వెంటనే సంప్రదించండి" అని తెలుగులోనే పెద్ద అక్షరాలతో ఉంది, కింద నంబరు. చేశాం. మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాం. తొమ్మిదిసార్లు చేశామని మా ఆవిడ ఫోనులో లెక్క ఉంది. తొమ్మిదోసారి తర్వాత ఆమె ఫోను మంచం మీద గిరాటేసి, "అది రిసెప్షన్ బల్ల మీది ఫోను. రాత్రిపూట ఆ బల్ల మీద ఎవరుంటారు?" అంది. ఆమె చెప్పేదాకా నాకు తట్టలేదు.

బ్యారన్ కాలుతున్న ఆరు రాత్రులూ ఏ రైతూ పొయ్యి దగ్గర మనిషిని పెట్టకుండా పడుకోడు. పగలు ఎంత జాగ్రత్తగా ఆకు అల్లినా, రాత్రి ఒక్క గంట వేడి తప్పితే పంటంతా మసి. కంట్లో నూనె పోసి ఇంటికి పంపినవాళ్లకు ఆ మాత్రం కాపలా ఉండదా? ఆ రాత్రి కారులో టంగుటూరు టోలుగేటు దగ్గర ఆగినప్పుడు నా బుర్రలో తిరిగింది ఇదే. బావమరిది కారు నడుపుతున్నాడు, నేను కిటికీలోంచి తల బయట పెట్టి వాంతి చేసుకుంటున్నాను.

ఒంగోలులో ఒక పాతకాలపు కంటి డాక్టరు ఉన్నారు. కింద క్లినిక్కు, పైన ఇల్లు. వయసు డెబ్భై దాటింది. ఆయన పేరు కూడా రాయను, రాత్రిళ్లు అందరూ తలుపు తడతారు. పదకొండింటికి లుంగీతో దిగివచ్చి, ముందు మూసిన రెప్పల మీద రెండు చూపుడువేళ్లు పెట్టి మెల్లగా తాకి చూశారు. రెండు కళ్లూ ఒకదాని తర్వాత ఒకటి. "ఎడమది పండు జామ, కుడిది పచ్చి జామ" అన్నారు. తర్వాత పసుపు రంగు చుక్క వేసి, నీలం దీపం వెలిగించి ఒత్తిడి చూశారు. 46.

ఉబ్బసం ఉందా, కిడ్నీలు బాగున్నాయా, గుండె ఎలా ఉంది, సల్ఫా మందులు పడతాయా అని వరుసగా అడిగారు. ఒత్తిడి తగ్గించే కొన్ని చుక్కలు ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరి అందకుండా చేస్తాయట. ఆస్పత్రిలో ఈ ప్రశ్నలేవీ నన్ను అడగలేదు. మాత్రలు వేసి, చేతికి ఒత్తిడి దించే మానిటాల్ సెలైను పెట్టారు. అది ఎక్కుతున్నంతసేపూ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని నా ఆస్పత్రి చీటీ తిరగేశారు. ఒకచోట వేలు పెట్టి, "ఇది చూశారా?" అన్నారు. రెండో శుక్రవారం రాతలో చివర 1/52 అని ఉంది. "ఒకటి బై యాభై రెండు. ఏడాదికి యాభై రెండు వారాలు, అందులో ఒకటి. వారంలో మళ్లీ రమ్మని మీ డాక్టరు రాశాడు. మిమ్మల్ని ఎప్పుడు రమ్మన్నారు?" మూడు వారాలకు అన్నాను. ఆయన ఏమీ అనలేదు, చీటీ మడిచి నా జేబులో పెట్టారు.

మంట తగ్గడానికి నేను రోజూ ఆరుసార్లు వేసుకుంటున్న ఆ తెల్ల చుక్కలే ఒత్తిడి పెంచి ఉంటాయని ఆయన అన్నారు. అందరికీ కాదు, కొందరి కళ్లకు అవి పడవు. రెండు మూడు వారాల్లో ఒత్తిడి ఎక్కడం మొదలవుతుంది. పవరు ఎక్కువున్న కళ్లలో ఇది ఎక్కువట. పైగా నూనె కూడా ఒక కారణం కావచ్చు. అందుకే ఈ ఆపరేషన్ తర్వాత ఒత్తిడి తరచూ కొలవాలి. కొలిస్తే ముందే తెలిసిపోతుంది, తెలిస్తే చుక్కలు మారిస్తే సరిపోతుంది.

నన్ను మాటల్లో పెట్టడానికో ఏమో, ఆయన తన చదువుకునే రోజుల గురించి చెప్పారు. 1970 దాకా కంటి లోపలి జెల్లీలో చెయ్యి పెట్టే ధైర్యం చాలామందికి లేదట. రాబర్ట్ మాకెమర్ అనే జర్మన్ డాక్టరు అమెరికాలోని మయామిలో ఇప్పటి ఈ ఆపరేషన్‌కు దారి వేశాడట. జెల్లీని కత్తిరించి పీల్చే పరికరాన్ని ముందు కోడిగుడ్డు తెల్లసొన మీద పరీక్షించాడట. "అంతకుముందు ఇలా పొర లేచినవాళ్లలో కొందరిని ఏమీ చేయలేక ఇంటికి పంపేవాళ్లు. మీ కుర్ర డాక్టరు పని బాగా చేశాడు, పొర చక్కగా ఉంది. మిగతావాళ్ల పనే..." అని ఆగిపోయారు. రాత్రి ఒకటిన్నరకు ఒత్తిడి 30కి దిగింది. తీసుకున్న ఫీజు మూడు వందలు. ఇంకా ఇవ్వబోతే సెలైను సీసా డబ్బులు మాత్రం తీసుకున్నారు.

మంగళవారం రెటీనా డాక్టరు నన్ను లైనులో ముందు పిలిచి చూశారు. తెల్ల చుక్కలు మెల్లగా తగ్గించి వేరేవి రాశారు. జరిగిందంతా విని, "ఒత్తిడి పెరగడం నా ఆపరేషన్‌లో తప్పు కాదు. కాని మీరు ఆదివారం రాత్రి అలా తిరగాల్సి రావడం మా తప్పే" అన్నారు. ఎవరి మీదా నెపం పెట్టలేదు. ఇందుకే నేను ఆయన్ను వదిలి వేరే చోటికి వెళ్లలేదు. బల్ల దగ్గరి అమ్మాయి మాత్రం, "సర్ రాసింది మాకు కనపడదండీ, స్లాట్లే కనపడతాయి" అంది. ఆమె చెప్పింది నిజమే అయ్యుంటుంది. అదే నా ఫిర్యాదు.

ఆ రాత్రి ఖరీదు తర్వాత తెలిసింది. చూపు పరిధి కొలిచే పరీక్ష ఒకటి ఉంటుంది. తెల్లటి గిన్నెలాంటి దాంట్లోకి చూస్తూ, మినుకుమనే చుక్క కనిపించినప్పుడల్లా బటను నొక్కాలి. నేను వేలంలో ధర పాట వింటున్నంత శ్రద్ధగా కూర్చున్నాను. కాగితం బయటికి వచ్చాక ముక్కు వైపు పై మూలలో ఒక నల్లటి ముక్క ఉంది. ఆ ముక్కలో చుక్కలు మెరిసినా నాకు తెలియలేదు. ఒత్తిడికి కంటినరం దెబ్బతింటే పోయింది పోయినట్టే, తిరిగిరాదు. లేచిన పొరను అతికించి చూపు తెచ్చారు, ఎత్తని ఫోను అందులో ఒక మూల పట్టుకుపోయింది.

ఒత్తిడి తగ్గించే మాత్రలు రెండు వారాలు వేసుకున్నాను. సరిగ్గా గ్రేడింగు రోజులు. ఆ మాత్రలకు వేళ్ల చివర్లు, పెదాలు జివ్వుమంటాయి, సోడా తాగితే లోహం నాకినట్టుంటుంది. మాకు ఆకు గ్రేడు సగం కంటితో, సగం వేళ్లతో తేలుతుంది. వేళ్ల మధ్య ఆకు నలిపితే ఎంత మెత్తగా సాగుతుందో, ఎంత జిగి ఉందో తెలియాలి. నా వేళ్లకు ఆకూ గోనెసంచీ ఒకటే అయ్యాయి. కుడికన్ను మసక, ఎడమకన్ను ఒక్కటే పనిచేస్తోంది, రెండు ఆకుల్లో ఏది ముందుందో కూడా సరిగ్గా అంచనా దొరకదు. ఆ ఏడాది బేళ్లన్నీ మా ఆవిడే గ్రేడు చేసి కట్టించింది. వేలంలో ఒక్క బేలూ వెనక్కి రాలేదు. ముప్పై ఏళ్లుగా ఆమె పక్కన కూర్చుని నేనే పెద్ద నిపుణుణ్ణని అనుకున్నాను.

నూనె ఉన్నన్నాళ్లు కొత్త అద్దాలు చేయించుకోవద్దు. ఇది అద్దాల షాపువాళ్లు చెప్పరు. నూనె వల్ల ఆ కంటి పవరే మారిపోతుంది. నాకు మైనస్ ఎనిమిది కాస్తా మైనస్ మూడు దగ్గరికి వచ్చింది. పాత అద్దాలు పెట్టుకుంటే తల తిరుగుతోందని 3,400 పెట్టి కొత్తవి చేయించాను. నూనె తీశాక అవి ఎందుకూ పనికిరాలేదు, ఇప్పుడు మనవడు ఆటలో డాక్టరు వేషానికి వాడుతున్నాడు.

ఏప్రిల్ నుంచి ఇంకో వింత మొదలైంది. ఎడమకన్ను మూసి చూస్తే ఆకు నారింజ రంగులో ఉంటుంది, కుడికన్ను మూసి చూస్తే నిమ్మపండు రంగులో. ఒకే ఆకు. మా రైతులకు ఈ తేడా అంటే కిలోకు రూపాయల తేడా. శుక్లం వచ్చి కంటిలోని లెన్సు పచ్చబడి గోధుమరంగుకు తిరుగుతోందని డాక్టరు చెప్పారు. జూలైలో నూనె తీస్తూనే లెన్సు కూడా మార్చారు. ఇంకో 41,000. ఈసారి బల్ల దగ్గర నేను గొంతు పెంచాను, ఫలితం లేదు, కట్టాను.

లెన్సు కొలత దగ్గర డాక్టరు చెప్పింది నాకు నచ్చింది. కంటి పొడవును శబ్దంతో కొలిచే మిషను నూనె ఉన్న కంట్లో తప్పు చెబుతుంది, ఎందుకంటే నూనెలో శబ్దం నెమ్మదిగా పోతుంది, కన్ను ఉన్నదానికంటే పొడుగు అనిపిస్తుంది. అందుకని కాంతితో కొలిచే మిషను వాడారు. ఇది అడిగి చేయించుకోండి. తూకం తేడా ఉన్న కాటా మీద బేలు పెట్టి ఎవరు ఒప్పుకుంటారు?

నూనె తీశాక పొర మళ్లీ లేవవచ్చని భయపెట్టారు. లేవలేదు. కొన్ని వారాలు కిందికి వంగితే నీటి మీద నూనె బొట్లలా చిన్న గుండ్రాలు కదిలేవి, తర్వాత తగ్గాయి. ఇప్పుడు కుడికంటితో చార్టులో నాలుగో వరుస చదువుతాను. బ్యారన్ తలుపు చట్రం మాత్రం ఇప్పటికీ మధ్యలో కాస్త ఉబ్బి కనిపిస్తుంది. నడిమి చుక్క మీద పలచటి పొర ముడత పడిందట, ఎక్కువైతే చూద్దామన్నారు. రాత్రిపూట ఒక చుక్క ఒత్తిడికి రోజూ వేసుకోవాలి. కన్ను మిగిలింది. నాకు ఆ తేడా తెలుసు, మా మేనమామకు ఇలాగే పొర లేచి, ఎవరికీ చూపించక, ఆ కన్ను మొత్తం పోయింది.

కాబట్టి నన్ను అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇది. డాక్టరు ఎవరని అడగకండి, ఒంగోలులో ఈ పని వచ్చినవాళ్లు ఉన్నారు. ఆయన ఏ ఏ రోజులు వస్తారు, రాని రోజు మీ కంట్లో ఒత్తిడి ఎవరు కొలుస్తారు, రాత్రి పదింటికి ఆ నంబరు ఎవరి జేబులో మోగుతుంది అని అడగండి. నూనె అంటే నూనె తీసే ఖర్చు కూడా అప్పుడే చెప్పమనండి. చీటీలో 1/52 ఉందో 3/52 ఉందో మీరే చూసుకుని బల్ల దగ్గరికి వెళ్లండి. స్లాటు లేదంటే మళ్లీ లోపలికి వెళ్లి డాక్టరుకే చెప్పండి, సిగ్గుపడకండి.

నక్షత్రాలు: డాక్టరు చేతికి ఐదు. సిస్టర్లకు నాలుగు. బల్లకు ఒకటి. దిండుకు సున్నా. ఫోనుకు కూడా సున్నా అని రాసి, మొత్తం మీద రెండు ఇద్దామనుకున్నాను.

ఇంతలో మా తోడల్లుడికి షుగరు వల్ల కంట్లో రక్తం దిగి, అదే డాక్టరు శుక్రవారం ఆపరేషన్ అన్నారు. వద్దనలేను, రమ్మనలేను. అందుకని మొన్న ఆదివారం రాత్రి పదిన్నరకు, వాళ్లు అతనికి ఇచ్చిన చీటీ మీది నంబరుకు నేనే ఫోను చేశాను. నంబరు మారింది, ఈసారి సెల్‌ఫోను నంబరు. నాలుగోసారి మోగేటప్పటికి ఒకమ్మాయి ఎత్తింది. నిద్రగొంతు. "పేషెంటు పేరు చెప్పండి. ఏ కన్ను? ఆపరేషన్ అయి ఎన్ని రోజులైంది? వాంతులు ఉన్నాయా?" అని గుక్క తిప్పుకోకుండా అడిగింది.

"ఏమీ లేదమ్మా, ఎత్తుతారో లేదో చూద్దామని చేశాను" అన్నాను.

ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. తర్వాత, "ఇంకెప్పుడూ ఇలా చేయకండి" అని పెట్టేసింది.

మూడు నక్షత్రాలు.